ఉద్యోగం రాలేదు... సేద్యం ఆట రాశాడు

డిగ్రీ చేతికొచ్చింది. ఉద్యోగం మాత్రం రాలేదు. దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టినా పిలుపు లేదు. ఇలాంటి కుర్రాడు మన పల్లెల్లో ఏ వీధికి వెళ్లినా ఒకడు కనిపిస్తాడు. అయితే ఈ కుర్రాడిది మన దేశం కాదు. అమెరికాలో సియాటిల్ ప్రాంతం. పేరు ఎరిక్ బరోన్. 2011లో టకోమాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి కంప్యూటర్ సైన్సు పట్టా పుచ్చుకున్నాడు.

ఖాళీగా కూర్చుంటే నేర్చుకున్నది కూడా మరిచిపోతామని, చేతికి సాధన ఉంటుందని, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి పనికొస్తుందని ఒక చిన్న కంప్యూటర్ ఆట రాయడం మొదలుపెట్టాడు. తుపాకులు పేల్చుకునే ఆట కాదది. తాత వదిలి వెళ్లిన బీడు భూమిని దున్ని, విత్తనం వేసి, నీళ్లు పోసి, పంట అమ్ముకుని బతికే ఆట.

చిన్న పని అనుకున్నది నాలుగున్నరేళ్లు పట్టింది. 'స్టార్‌డ్యూ వ్యాలీ' అన్న పేరుతో 2016 ఫిబ్రవరి 26న అమ్మకానికి వచ్చింది. రెండు నెలల్లో 10 లక్షల ప్రతులు చెల్లిపోయాయి. 2024 డిసెంబరు నాటికి ఆ లెక్క 4 కోట్ల 10 లక్షలకు చేరింది. మొదటి విడుదల నాటికి ఆటలోని ప్రోగ్రామూ, బొమ్మలూ, పాటలూ, మాటలూ అన్నీ ఆ ఒక్కడి చేతి పనే.

ఆటలంటే చెవి కోసుకునే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ కథ ఎప్పుడో ఒకప్పుడు వినబడుతుంది. 'వాడు చేశాడు, నేనూ చేస్తాను' అని పిల్లవాడు, 'ఆటలు కూడు పెడతాయా' అని తండ్రి. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. మిగతా సగం తెలియాలంటే ఆ నాలుగున్నరేళ్లలో ఏం జరిగిందో చూడాలి.

ఇల్లు గడిచిందెలా?

బరోన్ రోజుకు దాదాపు పది గంటలు పనిచేశాడు. ఆదివారం లేదు, పండుగ లేదు. జీతం ఇచ్చేవారు అంతకన్నా లేరు. సాయంత్రాలు సియాటిల్‌లోని పారమౌంట్ థియేటర్‌లో టిక్కెట్టు చూసి ప్రేక్షకులను సీట్ల దగ్గరకు చేర్చే పని చేశాడు. అతని సహచరి కూడా సంపాదించి ఇల్లు నెట్టుకొచ్చింది. గీసిన బొమ్మలు నచ్చక చెరిపేసి మళ్లీ గీశాడు. అవీ నచ్చక మళ్లీ గీశాడు. విజయగాథ చెప్పేటప్పుడు ఈ ముక్క చాలామంది మింగేస్తారు.

ఇంకో ముక్క కూడా ఉంది. కంప్యూటర్ ఆటలు అమ్మే అతిపెద్ద అంగడి పేరు స్టీమ్. ఇంటర్నెట్‌లోనే ఉంటుంది. 2024 ఒక్క సంవత్సరంలో ఆ అంగడికి 18 వేలకు పైగా కొత్త ఆటలు వచ్చాయి. అంటే రోజుకు 50 దాకా. సంతకు అన్ని బళ్లు వస్తే అన్నింటి సరుకూ అమ్ముడుపోదు. ఏళ్లు కష్టపడి, నాలుగు వందల ప్రతులు కూడా అమ్ముకోలేనివారి పేర్లు ఏ పత్రికలోనూ రావు.

అసలు ఈ సేద్యం ఆట ఆలోచన బరోన్‌ది కాదు. జపాన్‌లో యసుహిరో వాడా అనే ఆయనది. మియజాకి ప్రాంతపు పల్లెపట్టున పెరిగిన మనిషి. బతుకుతెరువుకు టోక్యో చేరాక ఊరి మీద బెంగ పుట్టింది. ఆ బెంగతోనే 1996లో 'హార్వెస్ట్ మూన్' అనే ఆట తయారుచేయించాడు. చిన్నప్పుడు ఆ వరస ఆటలు ఆడి పెరిగినవాడు బరోన్. ఊరు విడిచిన ఒకరి బెంగ, సముద్రం దాటి ఉద్యోగం దొరకని మరొకడికి దారి చూపించిందన్నమాట.

గడిలో నాలుగు అంకెలు

ఆట 'రాయడం' అంటే ఏమిటి? తెర మీద కనిపించేది పొలం. కంప్యూటర్‌కు కనిపించేది గళ్ల కాగితం. పులి-మేక పటం గీసినట్టు పొలమంతా గడులుగా కోస్తారు. ఒక్కో గడికీ నాలుగు సంగతులు రాసిపెడతారు. దున్నారా లేదా? తడి ఉందా లేదా? వేసిన విత్తు ఏది? దాని వయసు ఎన్ని రోజులు? అంతే. మిగిలినదంతా ఆ అంకెలను మార్చడమే.

ఆటగాడు నీళ్లు పోస్తే తడి 'ఉంది' అని మారుతుంది. ఆటలో రాత్రి అయినప్పుడు ప్రోగ్రాం ఒక్కొక్క గడి దగ్గరకూ వెళుతుంది. తడి ఉంటే మొక్క వయసు ఒక రోజు పెంచుతుంది. తర్వాత తడిని తుడిచేస్తుంది. పార్స్‌నిప్ అనే దుంప నాలుగు రోజులకు చేతికొస్తుంది. విత్తనం 20 నాణేలు, దుంప 35 నాణేలు. రుతువుకు 28 రోజులు. రుతువు మారిన తెల్లారే, ఆ కాలానికి పనికిరాని మొక్కలన్నీ ఎండిపోతాయి. చేలో దిష్టిబొమ్మ పెట్టకపోతే కాకులు దిగుతాయి. బొమ్మ కాపలా దాని చుట్టూ ఎనిమిది గడుల దూరం దాకానే. ఆ దూరాన్ని లెక్కగట్టి కాకిని వదలాలో వద్దో తేల్చేది కూడా ప్రోగ్రామే.

రైతులు ఈ ఆట చూస్తే నవ్వుకుంటారు. విత్తనం నకిలీదని తేలదు. మార్కెట్‌కు తెచ్చాక ధర పడిపోదు. దళారీ లేడు. ఎంతైనా ఆట కదా!

ఇక ప్రోగ్రామర్ అనే ఉద్యోగి నిత్యం చేసే పని ఏమిటంటే, ఇలాంటి నియమాలు రాయడం ఒక వంతు, రాసినవాటిలో తప్పులు పట్టుకోవడం మూడు వంతులు. రాత్రిపూట తడి తుడవడం ఒక్కటి మరిచిపోయాడనుకోండి. ఆటగాడు ఒక్కరోజు నీళ్లుపోసి రుతువంతా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు. ఆట చెడిపోయినట్టే. తప్పు ఒక్క గీతలో ఉంటుంది. ఆ గీత ఎక్కడుందో వెతకడానికి రెండు రోజులు పోవచ్చు. ఆటలాడటం ఇష్టమైనంత మాత్రాన ఈ పని ఇష్టమవుతుందని చెప్పలేం. సినిమా చూడటం వేరు, ఎండలో షూటింగ్ దగ్గర నిలబడటం వేరు.

ఇదంతా ఒక చక్రంలా తిరుగుతూ ఉంటుంది. ఆటగాడు ఏ మీట నొక్కాడో చూడటం, దానికి తగ్గట్టు అంకెలు మార్చడం, కొత్త బొమ్మ గీయడం. మళ్లీ మొదటికి. మామూలుగా సెకనుకు 60 చుట్లు. మనం రెప్ప వేసి తీసేలోగా ఈ చక్రం చాలా చుట్లు తిరిగేస్తుంది. ఒక చుట్టు పనికి దొరికే వ్యవధి సెకనులో అరవయ్యో వంతు. పని అంతకు మించితే ఆట ఎడ్లబండిలా కుదుపులతో నడుస్తుంది.

వామనగుంటలతో మొదలు

నేర్చుకునే పిల్లలు చేసే పెద్ద పొరపాటు, మొదటి ఆటగానే కోట్లు ఖర్చుపెట్టి తీసిన ఆటలాంటిది రాయాలనుకోవడం. అది తేలదు, మునుగుతుంది. చిన్నది పట్టాలి, పూర్తిచేయాలి. పూర్తయిన చిన్న ఆటకు ఉన్న విలువ, సగంలో ఆగిన పెద్ద ఆటకు లేదు.

చిన్నది కావాలంటే ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. ఇంట్లో అమ్మమ్మలు ఆడిన వామనగుంటలు ఉన్నాయి. నియమాలు తరతరాలుగా పరీక్షకు నిలబడినవి. పీటకు 14 గుంటలు కాబట్టి కంప్యూటర్‌కు 14 అంకెలు. ఎవరి వంతు అనేది ఇంకో అంకె. ఇద్దరూ గెలుచుకున్న గింజలకు రెండు అంకెలు. మొత్తం 17 అంకెలతో ఆట అంతా కంప్యూటర్‌లోకి ఎక్కేస్తుంది.

ఒక గుంటలో చింతగింజలన్నీ తీయాలి, తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. పద్నాలుగో గుంట దాటాక ఒకటో గుంటకు తిరగాలి. ఇక్కడే కొత్తవాళ్లు బోల్తాపడతారు. తిప్పడం మరిచిపోతే ప్రోగ్రాం లేని పదిహేనో గుంటను వెతుక్కుంటూ పోయి చతికిలబడుతుంది. ఆ దెబ్బ ఒకసారి తింటే జన్మలో మరిచిపోరు. గింజలు అయిపోయాక ఏ గుంటది గెలుచుకోవాలి అనేదానికి ఊరికో పద్ధతి ఉంది. మీ ఊరి పద్ధతే రాయొచ్చు.

కంప్యూటర్‌నే ఎదుటి ఆటగాడిగా కూర్చోబెట్టడం కూడా కష్టం కాదు. దాని వైపు ఉన్నవి ఏడు గుంటలే. ఒక్కో గుంట నుంచీ ఆడి చూడమని చెప్పాలి. దేనివల్ల ఎక్కువ గింజలు వస్తాయో అది ఎంచుకోమనాలి. ఏడుసార్లు లెక్క వేయడం దానికి చిటికెలో పని. ఇది రాయగలిగితే చదరంగం ఆడే యంత్రాల తీరు ఓనమాలు పట్టుబడ్డట్టే.

ఇంగ్లీషు రాదన్న బెంగ చాలామందిని వెనక్కి లాగుతుంది. పైథాన్ అనే ప్రోగ్రాం భాషలో మూలపదాలు మొత్తం 35. 'ఇఫ్', 'ఎల్స్', 'ఫర్', 'వైల్' ఈ తరహావి. నిజంగా ఇంగ్లీషు కావాల్సింది తప్పు వచ్చినప్పుడు కంప్యూటర్ చెప్పే మాట అర్థం చేసుకోవడానికీ, తర్వాత కంపెనీలో నలుగురితో మాట్లాడటానికీ. అది కూడా చేస్తూ ఉంటే అలవాటయ్యేదే.

లెక్కల సంగతి వేరు. వాటిని తప్పించుకోలేరు. అయితే కొత్తవేమీ కావు. ఇంటర్ తెలుగు మాధ్యమం పుస్తకాల్లో ఉన్న సదిశలు, మాత్రికలు, త్రికోణమితి, నిరూపక జ్యామితి, అవే. భౌతికశాస్త్రంలో ప్రక్షేపకం పాఠం చదివి 'ఇది ఎందుకు పనికొస్తుంది' అని విసుక్కున్న కుర్రాడికి సమాధానం ఇక్కడ దొరుకుతుంది. బొమ్మ గెంతాలంటే పైకి వెళ్లే వేగం 10 అనుకుని, ప్రతి చుట్టుకూ 1 తగ్గిస్తూ పోవాలి. సున్నాకు చేరాక బొమ్మ కిందకు మళ్లుతుంది. గెంతు సిద్ధం!

పెట్టుబడి ఎంత?

ఆట తయారుచేసే సరంజామాకు పైసా ఖర్చు లేదు. గోడో అనే సాఫ్ట్‌వేర్ అర్జెంటీనాలో పుట్టింది. 2014 నుంచి అందరికీ ఉచితంగా ఇస్తున్నారు. దాని లోపలి ప్రోగ్రాం కూడా ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. పాత కంప్యూటర్ల మీద కూడా చిన్న ఆటలకు సరిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోనులోనూ నడుస్తుంది. కాకపోతే చిన్న తెర మీద వేళ్లతో ప్రోగ్రాం రాయడం కళ్లకు శిక్షే. పెద్ద కంపెనీలు వాడే అన్‌రియల్ అనే సాఫ్ట్‌వేర్ కూడా నేర్చుకోవడానికి ఉచితం. ఆట మీద 10 లక్షల డాలర్లకు మించి రాబడి వస్తే, ఆ పైన వచ్చేదానిలో నూటికి 5 వంతులు ఇమ్మంటారు. అంత వచ్చిన రోజున ఇవ్వడానికి ఎవరికీ బాధ ఉండదు.

అమ్ముకోవాలంటే ఖర్చుంది. స్టీమ్ అంగడిలో ఒక ఆట పెట్టడానికి 100 డాలర్లు కట్టాలి. ఆట 1,000 డాలర్ల అమ్మకం చేస్తే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. అమ్మిన ప్రతిదానిలో మామూలుగా నూటికి 30 వంతులు అంగడిది. ఫోన్ ఆటలు పెట్టే గూగుల్ ప్లేలో ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. ఇచ్ డాట్ ఐఓ అనే చోట ఏమీ కట్టకుండానే పెట్టుకోవచ్చు. నేర్చుకునే రోజుల్లో అది చాలు.

మరి వేలకు వేలు, లక్షలకు లక్షలు ఫీజు అడిగే శిక్షణ సంస్థల మాట? కొన్నింట్లో చక్కగా చెబుతారు, కాదనలేం. అయితే ఆటల కంపెనీలో ప్రోగ్రామర్ ఉద్యోగానికి కూర్చోబెట్టినప్పుడు సర్టిఫికెట్ కాగితం కంటే 'నువ్వు చేసింది చూపించు' అనే మాటకే బరువెక్కువ. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టే ముందు, పిల్లవాడు ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీద ఒక్క చిన్న ఆటైనా పూర్తిచేశాడా అని అడగటం తండ్రికి తప్పు కాదు. ఆరు నెలల్లో వామనగుంటలు పూర్తిచేయనివాడు లక్ష ఫీజు కట్టినా పూర్తిచేయడు. చేసినవాడికి ఆ లక్ష అవసరమా అన్నది అప్పుడు ఆలోచించుకోవచ్చు.

ఆర్నెల్లు మాట్లాడని తండ్రి

ఇంట్లో గొడవలు మనకే కాదు. జపాన్‌లో సతోరు ఇవాటా అనే కుర్రాడు హైస్కూల్లో ఉండగా, ప్రోగ్రాం రాయడానికి వీలున్న క్యాలిక్యులేటర్ దొరికితే దాని మీదే అంకెల ఆటలు అల్లేవాడు. టోక్యోలో ఇంజనీరింగ్ చదువుతూ 'హాల్ లాబొరేటరీ' అనే చిన్న కంపెనీలో అరకొర జీతానికి పనిచేశాడు. 1982లో చదువు ముగియగానే అందులోనే చేరిపోయాడు. తండ్రి మురోరన్ నగరానికి మేయర్. అంత పెద్ద మనిషి కొడుకు పెద్ద కంపెనీకి వెళ్లకుండా ఆటలు చేసే చిన్న దుకాణంలో చేరాడని ఆగ్రహించి, ఆర్నెల్లపాటు కొడుకుతో మాట్లాడలేదు. అదే కొడుకు 1993లో అప్పుల్లో మునిగిన ఆ కంపెనీకి అధ్యక్షుడై గట్టెక్కించాడు. 2002లో ప్రపంచ ప్రసిద్ధి చెందిన నింటెండో కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. 2015లో కన్నుమూశాడు.

మన పల్లెల్లో పెద్దల భయానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫోన్‌లో ఆట అనగానే వారికి గుర్తొచ్చేది డబ్బు పెట్టి ఆడే రమ్మీ. అప్పులపాలైన ఇళ్లు చూసినవారు అలా భయపడటం సహజం. పందెం ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది. ఇంటర్నెట్‌లో డబ్బు ఒడ్డి ఆడించే ఆటలను ఆ చట్టం నిషేధిస్తుంది. పందెం లేని ఆటలనూ, ఈ-స్పోర్ట్స్ పోటీలనూ వేరుగా ఉంచి ప్రోత్సహించాలంటుంది. పేకాట క్లబ్బుకూ కబడ్డీ మైదానానికీ ఉన్న తేడా అది.

కొలువులు ఎక్కడ?

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే అమెరికా కంపెనీకి హైదరాబాద్‌లోనే పెద్ద కార్యాలయం ఉంది. రాక్‌స్టార్ కంపెనీకి బెంగళూరులో, ఫ్రాన్సుకు చెందిన యుబిసాఫ్ట్‌కు పుణె, ముంబయి నగరాల్లో స్టూడియోలు ఉన్నాయి. వీటిలో ప్రోగ్రామర్లే కాదు, బొమ్మలు గీసేవారు, ఆటను వందలసార్లు ఆడి తప్పులు రాసిపెట్టే టెస్టర్లు కూడా ఉంటారు. టెస్టర్‌గా చేరి తర్వాత ప్రోగ్రామింగ్ వైపు మళ్లినవారూ ఉన్నారు. జీతం మొదట్లో తక్కువే.

సొంతంగా చేసినవారు కూడా మన దేశంలో ఉన్నారు. పుణెలో ఒక చిన్న బృందం 'రాజీ' అనే ఆట చేసింది. మన పురాణాల వాతావరణంలో, తమ్ముణ్ని వెతుక్కుంటూ వెళ్లే అక్క కథ. 2017లో జనం నుంచి చందాలు పోగుచేద్దామని చూస్తే కుదరలేదు. స్థాపకుల్లో ఒకరు సొంత ఫ్లాట్ అమ్మి పని నడిపించారు. 2020లో ఆట విడుదలైంది. ఆ ఏడాది అంతర్జాతీయ 'గేమ్ అవార్డుల్లో' తొలి ఆటల విభాగంలో పోటీకి నిలిచింది. పేరు వచ్చింది. కానీ ఫ్లాట్ అమ్మడం అందరికీ చెప్పదగిన దారి కాదు.

కొలువు దొరికాక కూడా భరోసా తక్కువ. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఒక్కటే తన ఆటల విభాగంలో 1,900 మందిని తీసేసింది. ఆ రెండేళ్లలో పెద్ద పెద్ద కంపెనీలు వేల మందిని ఇంటికి పంపాయి. అందుకే డిగ్రీ వదిలేసి ఆటల వెంట పడటం ఒంటెద్దు బండి ప్రయాణం. డిగ్రీ చేస్తూ, లేదా ఏదో ఒక కొలువు చేస్తూ, రోజుకు రెండు గంటలు దీనికి పెట్టేవాడికి నష్టం తక్కువ. ఆటలు రాసే చేయి బ్యాంకు లెక్కల ప్రోగ్రాం కూడా రాయగలదు. ఆ కొలువులూ వచ్చి ఒళ్లో పడవు గానీ, వాటి సంఖ్య చాలా ఎక్కువ. ఉద్యోగం కోసం సాధనగా మొదలుపెట్టిన బరోన్ కూడా, థియేటర్ పని చేసుకుంటూనే ఆట రాశాడు.

వామనగుంటలో, అష్టాచెమ్మానో పూర్తిచేసి గూగుల్ ప్లేలో పెట్టదలచిన కుర్రాళ్లకు చివరగా ఒక మెలిక ఉంది. కొత్తగా సొంత పేరు మీద ఖాతా తెరిచినవారు, ఆటను అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది చేత వరసగా 14 రోజులు పరీక్షింపజేయాలి. మొదట్లో 20 మంది కావాలనేవారు. 2024 డిసెంబరులో 12కు తగ్గించారు. పట్నంలో గదిలో ఒంటరిగా ఉండేవాడికి పన్నెండు మందిని పోగుచేయడం తలనొప్పి. ఊళ్లో రచ్చబండ దగ్గర సాయంత్రం అరగంట కూర్చుంటే ఫోన్ ఉన్నవాళ్లు పన్నెండు మంది దొరుకుతారు. ఆ పన్నెండులో, గుంటల ఆట బాగా వచ్చిన ముసలమ్మ ఒకరు ఉండేలా చూసుకోవాలి. గింజ ఒక్కటి తప్పుగా పడినా ఆమె మొదటి రోజే పట్టేస్తుంది.